శిలాఫలకం ఎక్కడ పెడదాం?

మన దగ్గర పాత గుడికి రెండే దశలు. ఎవరూ పట్టించుకోనిది ఒకటి, అందరూ పట్టించుకునేది రెండోది. మొదటి దశలో గుడి ఎనిమిది వందల ఏళ్లు నిక్షేపంగా నిలబడుతుంది. రెండో దశను తట్టుకోవడమే కష్టం.

మొదటి దశలో గుడికి శత్రువులు లేరని కాదు. గబ్బిలాలు, మేకలు, శివరాత్రికి తప్ప రాని భక్తులు, నంది వీపు మీద బొగ్గుతో ప్రేయసి పేరు రాసే కుర్రాడు. పాపం, వీళ్లెవరి దగ్గరా ఎస్టిమేటు ఉండదు. జేసీబీ ఉండదు. రెండో దశలో వచ్చేవాళ్లు డ్రిల్లింగ్ మిషన్‌తో, విట్రిఫైడ్ టైల్స్‌తో, నాలుగు రంగుల ఎనామిల్ డబ్బాలతో వస్తారు. అన్నిటికీ మించి భక్తితో వస్తారు. భక్తీ బడ్జెట్టూ ఒకేచోట కలిశాయంటే నల్లరాయి కూడా గుండె చిక్కబట్టుకోవాల్సిందే.

ఒక ఊరు అనుకుందాం. పేరు చెప్పను, చెబితే మిగతా ఊళ్లు భుజాలు తడుముకుంటాయి. కాకతీయుల నాటి శివాలయం. కింద రాతి మండపం, పైన ఇటుకా సున్నంతో కట్టిన విమానం. ఏ పిట్టో రావిపండు తిని విమానం మీద రెట్ట వేసింది. మొక్క మొలిచింది. మొక్క కదా అని ఊరుకున్నారు, మాను అయింది. వేళ్లు ఇటుకల సందుల్లోకి దిగాయి, ఆ సందుల్లోంచి వాన దిగింది. ఈ సంగతి అర్చకస్వామి ప్రతి తొలకరికీ కమిటీకి విన్నవించుకుంటూనే ఉన్నారు. ఎట్టకేలకు కమిటీ కూర్చుంది.

"ఎక్కడ కారుతోంది స్వామీ?" అని అడిగారు చైర్మన్ గారు.

"నంది మీదేనండీ. పైన రావిచెట్టు కొట్టించి, వేరు మళ్లీ చిగురించకుండా మందు పెట్టించి, సందుల్లో సున్నం కూరిస్తే ఆగిపోతుంది. కప్పు మీద గచ్చు కూడా నాలుగు చోట్ల పగిలింది, అదీ పూయించాలి."

"ఎంతవుతుంది?"

"ఒక పాతకాలం మేస్త్రీ, ఇద్దరు కూలీలు, కొన్ని బస్తాల సున్నం. పది పదిహేను రోజుల పని. పెద్ద ఖర్చేం కాదు లెండి."

చైర్మన్ గారి మొహం మాడిపోయింది. పెద్ద ఖర్చు కానిదాన్ని కమిటీ ముందుకు ఎందుకు తెచ్చినట్టు? "స్వామీ, మీరు పెద్దవారు, మీకు నేను చెప్పేదేముంది. కానీ రావిచెట్టు కొట్టడానికి మంత్రిగారిని ఎలా పిలుస్తామండీ?"

ఎవరూ మాట్లాడలేదు. ప్రశ్నలో న్యాయం ఉంది మరి. మంత్రిగారు వచ్చి చెట్టు వేరు ముందు రిబ్బను కత్తిరించలేరు. సున్నం బస్తాకు కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగలేరు. అప్పుడు ఒక సభ్యుడు, ఊళ్లో కాస్త లోకజ్ఞానం ఉన్నవాడు, అసలు విషయానికి వచ్చాడు. "అన్నా, అవన్నీ తర్వాత. ముందు శిలాఫలకం ఎక్కడ పెడదాం?"

అంతే, చర్చకు ప్రాణం వచ్చింది. ధ్వజస్తంభం పక్కన పెడితే ప్రదక్షిణకు అడ్డం. ద్వారం పక్కన పెడితే ద్వారపాలకుడు అడ్డం. ద్వారపాలకుణ్ని కాస్త జరపొచ్చేమో కనుక్కుందామన్నారు. శిలాఫలకానికి గోడ కావాలి కాబట్టి కొత్త ప్రాకారం. కొత్త ప్రాకారం ఉన్నాక పాత నేల బాగుండదు కాబట్టి టైల్స్. టైల్స్ వేశాక స్తంభాలు మాసినట్టు కనిపిస్తాయి కాబట్టి రంగులు. సభ ముగిసేసరికి పని రెండు కోట్లకు చేరింది. రావిచెట్టు ఊసు మినిట్స్ పుస్తకంలో ఎక్కలేదు.

ఇది కట్టుకథ అని కొట్టిపారేసేవాళ్లకు శ్రీకాళహస్తి గుర్తు చేస్తాను. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం అది. ఏడంతస్తులు, నూటముప్పై అడుగుల పైచిలుకు. 2010 మే 26 రాత్రి నిలువునా కూలిపోయింది. పగుళ్లు అంతకుముందే కనిపించాయి. చుట్టుపక్కల ఖాళీ చేయించారు కాబట్టి మనుషుల ప్రాణాలు దక్కాయి. ఆ తర్వాత నిపుణులొచ్చారు, నివేదికలొచ్చాయి, దాత ముందుకొచ్చాడు, అదే చోట కొత్త గోపురం లేచింది, 2017లో కుంభాభిషేకమూ జరిగింది. కొత్తది బాగానే ఉంది, నేను కాదనను. కానీ రాయలవారి గోపురం అని ఇప్పుడు దాన్ని చూపించలేం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. ఆ గొడ్డలికి భూమిపూజ చేసి, ప్రారంభోత్సవం చేసి, ఫ్లెక్సీ కట్టడమే కొత్త.

సరే, పని మొదలైంది. మా ఊహాగ్రామం కథకే వద్దాం. ముహూర్తం ముందు పెట్టారు, ఎస్టిమేటు తర్వాత వేశారు. దేవాదాయ శాఖ సర్వశ్రేయోనిధికి అర్జీ వెళ్లింది, ఊళ్లో చందా వసూలైంది. టెండరు పిలిస్తే అందరికన్నా తక్కువ రేటుతో ఎల్-వన్‌గా వచ్చిన కాంట్రాక్టరు అంతకుముందు రెండు కల్వర్టులు, ఒక బస్ షెల్టరు కట్టినవాడు. గుడి కట్టలేదా అంటే, దగ్గర్లో ఏ కల్వర్టూ కూలలేదు కదా అని జవాబు. అర్చకస్వామి పట్టు విడవకుండా డంగుసున్నం వాడాలన్నారు. ఇంజనీరు గారు మర్యాదస్తుడు. "మా రేట్ల పుస్తకంలో ఉందేమో చూడాలండీ. సిమెంటు అయితే వెంటనే ఉంది," అన్నాడు.

ఈ డంగుసున్నం గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, ఎందుకంటే దాని గురించి తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు వెతికినా దొరకడం లేదు. కాల్చిన సున్నాన్ని గుంటలో నీళ్లు పోసి వారాల తరబడి నానబెట్టేవాళ్లు. ఇసుక కలిపి, నేలలో గుండ్రంగా తవ్విన రాతి కాలువలో వేసి, ఎద్దులు లాగే రాతిచక్రంతో వెన్నలా అయ్యేదాకా తిప్పేవాళ్లు. అందులో కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం పానకం కలిపేవాళ్లు. పూశాక దానికి తొందర ఉండదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలలు, ఏళ్ల తరబడి నెమ్మదిగా మళ్లీ రాయవుతుంది. గోడలోకి చెమ్మ వెళితే బయటికి వదిలేస్తుంది. కట్టడం రవ్వంత కదిలితే తానూ కదులుతుంది. సిమెంటుకు ఈ పెద్దమనిషితనం లేదు. అది బిగుసుకుని కూర్చుంటుంది. లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. ఆ చెమ్మ దారి లేక పాత ఇటుకలోకి, రాతిలోకి తిరిగి, ఉప్పులు పేర్చి, వాటిని లోపల్నుంచి పొడి చేస్తుంది. పైన సిమెంటు పూత మాత్రం చెక్కుచెదరదు. కాంట్రాక్టరు దాన్నే చూపించి బిల్లు పెడతాడు.

కానీ సున్నానికి ఒక పెద్ద దోషముంది. మంత్రిగారి తేదీకి అది ఆరదు.

కాబట్టి సిమెంటే గెలిచింది. ఇంక నేల సంగతి. పాత మండపంలో రాతిపలకలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని చైర్మన్ గారి అత్తగారు ఒకసారి అన్నారట. అవి ఎగుడుదిగుడు కాదు, వాలు. అభిషేకం నీళ్లూ వాననీళ్లూ నిలవకుండా సోమసూత్రం వైపు పోయేలా ఎనిమిది వందల ఏళ్ల కింద ఎవరో కంటితో కొలిచి పెట్టిన వాలు. దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు, ఆ పైన టైల్స్ పరిచి సమం చేశారు. ఇప్పుడు స్తంభాల అడుగున చెక్కిన ఏనుగుల వరసను చూడాలంటే వంగి చూడాలి. కాళ్లు కాంక్రీటులో కూరుకుపోయి, వీపులు మాత్రం పైన తేలుతున్నాయి. వాలు పోయింది కాబట్టి వాననీరు ఎటు పోవాలో తెలియక గర్భాలయం గడప దగ్గర ఆగుతోంది. దాన్ని తోడడానికి ఒక మోటారు కొన్నారు. మోటారు దాత పేరు గోడ మీద రాశారు.

ఏనుగుల పైన అద్దంలా నునుపు తేలిన నల్లరాతి స్తంభానికి డ్రిల్లింగ్ మిషన్‌తో బెజ్జాలు వేసి స్టీలు రెయిలింగు బిగించారు, క్యూలైను కోసం. ఆ గుడికి కార్తీక సోమవారం కూడా క్యూ ఉండదు. అయినా రేపు పెరగొచ్చు కదా. దానికి ఎదురుగా ద్వారపాలకుడి కిరీటానికి పైన సీసీ కెమెరా. ఇన్ని శతాబ్దాలు గద పట్టుకుని కాపలా కాసినవాడి మీద ఆఖరికి నమ్మకం పోయింది. గుండెల మీద రంగురంగుల సీరియల్ బల్బులు. రాత్రిపూట ఆయన ఏ పెళ్లి రిసెప్షన్ దగ్గరో నిలబడినట్టు వెలుగుతుంటాడు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది శుభ్రం చేయడం. రాతి మీద వందల ఏళ్ల జిడ్డూ సున్నపు పొరలూ ఉంటాయి, నిజమే. వాటిని ఓపికగా నీళ్లతో, మెత్తటి కుంచెతో, అవసరమైతే మందుతో తీయాలి. దానికి నెలలు పడుతుంది. అదే గాలి ఒత్తిడితో ఇసుక కొడితే పూటలో అవుతుంది. శాండ్ బ్లాస్టింగ్ అంటారు. తుప్పు పట్టిన ఓడకూ ఇనుప గేటుకూ పనికొచ్చే విద్య. శిల్పం మీద ప్రయోగిస్తే జిడ్డుతోపాటు ముక్కూ పోతుంది. గోడ మీద శాసనం ఉంటే అక్షరాలు అరిగి, గీతలు మాత్రం మిగులుతాయి. ఆ శాసనంలో ఏముంటుందో తెలుసుగా? ఫలానా రాజు ఫలానా సంవత్సరంలో ఫలానా చెరువు కింద ఇన్ని మర్తురుల భూమి దేవుడికి ఇచ్చాడని, దాని హద్దులు ఇవని. శాసనం ఇప్పుడు పోయింది. మాన్యం అంతకుముందే పోయింది.

"రాజులు శాసనాలు వేయించుకోలేదా, మేం పేరు రాయించుకుంటే తప్పేమిటి?" అని చైర్మన్ గారు నన్నే అడగొచ్చు. అడగాల్సిందే. కాకతీయ రుద్రదేవుడు 1163లో హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించి, తన విజయాలన్నీ ఏకరువు పెడుతూ అచింతేంద్రుడనే కవి చేత పెద్ద శాసనమే రాయించాడు. కీర్తికాంక్ష మనం కనిపెట్టింది కాదు. కాకపోతే ఆయన ముందు గుడి కట్టాడు. ఇక పాలంపేట గుడి చూడండి. 1213లో ఆ గుడి కట్టించినవాడు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, శాసనమూ ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు లోకమంతా పలికిన పేరు మాత్రం రామప్ప. శిల్పి పేరని జనం చెప్పుకునే పేరు. సేనాని పేరు చరిత్ర విద్యార్థులకు మిగిలింది, పనివాడి పేరు ఆర్టీసీ బస్సు బోర్డు మీదికెక్కింది. చైర్మన్లు ఈ విషయం కాస్త ఆలోచించుకోవాలి.

బాగుచేయడం మనకు చేతకాదని అనుకుంటే పొరపాటు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, మోసుకొచ్చి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. చాళుక్యుల గుడి, ఇప్పుడూ పోయి చూడొచ్చు. నాగార్జునకొండ కట్టడాలను కూడా నాగార్జునసాగర్ నీళ్లు రాకముందే తవ్వి తీసి, కొన్నింటిని కొండమీద, కొన్నింటిని అనుపులో తిరిగి పేర్చారు. హనుమకొండలో వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం పునాది కుంగిందని కేంద్ర పురావస్తు శాఖ 2006 ప్రాంతంలో విప్పింది. రాళ్లకు నంబర్లు వేసింది. పగిలినవాటి బదులు కొత్తవి చెక్కించింది. మళ్లీ కట్టి తలుపులు తెరిచింది 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు. పద్ధతి చక్కటిది. వేగం గురించి మాత్రం ఒక్క మాట. మండపం విప్పినప్పుడు అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, వరంగల్ జిల్లా. కట్టేసరికి తెలంగాణ రాష్ట్రం, హనుమకొండ జిల్లా. మండపం కన్నా ముందు రాష్ట్రాన్నే విడగొట్టి కుదుర్చుకున్నాం.

వేగం కావాలంటే యాదగిరిగుట్టను చూడాలి. 2016లో స్వామిని బాలాలయంలోకి పంపి, స్వయంభువులున్న గుహను కదపకుండా చుట్టూ కొత్త రాతి ఆలయం లేపి, 2022 మార్చి 28న తెరిచారు. అంత కృష్ణశిల, అంతమంది శిల్పులు ఒకచోట చేరడం ఈ తరంలో మనం చూడలేదు, అది ఒప్పుకోవాలి. అయితే 2019 సెప్టెంబరులో ఒక విశేషం బయటపడింది. స్తంభాల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ, ఆయన పార్టీ గుర్తయిన కారు, ప్రభుత్వ పథకాలు చెక్కి ఉన్నాయి. శిల్పులు సమకాలీన జీవితాన్ని చెక్కుకున్నారని వివరణ వచ్చింది. గొడవయ్యాక తీసేశారు. నాకైతే కొంచెం వెలితిగానే ఉంది. ఉంచితే వెయ్యేళ్ల తర్వాత వచ్చే పురావస్తు పండితుడు ఈ కారు ఏ దేవుడి వాహనమో తేల్చలేక రెండు సంపుటాలు రాసి ఉండేవాడు. ఈలోగా గుట్ట యాదాద్రి అయింది, మళ్లీ యాదగిరిగుట్ట అయింది. బోర్డులు రాసేవాళ్లకు చేతినిండా పని.

ఇది హిందువుల గుళ్లకే పట్టిన జబ్బు కాదు. హైదరాబాదులో మక్కా మసీదు కప్పు కారడం మొదలై ఎన్నాళ్లయిందో, 2017లో మొదలుపెట్టిన మరమ్మతు ఎన్నేళ్లు నడిచిందో పాతబస్తీ వాళ్లను అడగండి. 2019లో చార్మినారు మినారు నుంచి సున్నపు నగిషీ ముక్క ఒకటి ఊడి కింద పడింది. వాన దేవుళ్లందరినీ సమానంగా చూస్తుంది. మనమే ఆ విషయంలో కాస్త వెనకబడ్డాం.

ఇంతా విని, పాత గుడిని పురాతన వస్తువులా గాజుపెట్టెలో పెట్టమంటున్నానని అనుకోకండి. దేవుడున్న గుడిలో దీపం వెలగాలి, పొగ రావాలి, జనం తొక్కాలి. ముసలివాళ్లకు పట్టుకోవడానికి ఊతం కావాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలి, ఎండాకాలం చలవపందిరి కావాలి, మంచినీళ్లు కావాలి. కావాల్సినవన్నీ కట్టండి, ప్రాకారం బయట. లోపల పెట్టక తప్పనిది రేపు తీసేస్తే మచ్చ మిగలకుండా పెట్టండి. నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ అనే ఊళ్లో పదమూడో శతాబ్దపు డొమినికన్ చర్చి ఒకటుంది. ఫ్రెంచి విప్లవ కాలంలో సైన్యం చేతికి పోయింది, తర్వాత ఏవేవో అయింది, ఒక దశలో సైకిళ్లు పెట్టుకునే చోటయింది. 2006లో దాన్ని పుస్తకాల షాపు చేశారు. అంతస్తులున్న నల్లటి ఉక్కు బీరువా ఒకటి చర్చిలో ఒక పక్కగా నిలబెట్టి, అందులోనే మెట్లు పెట్టారు. రేపు పుస్తకాల వ్యాపారం దివాలా తీస్తే బీరువా విప్పుకుని పోవచ్చు, చర్చి చర్చిగానే ఉంటుంది. దేవుడు వెళ్లిపోయిన చర్చి గోడకు వాళ్లు అంత మర్యాద ఇచ్చారు. దేవుడున్న గుడి స్తంభానికి మనం డ్రిల్లు పెట్టాం.

చట్టం లేదా అంటే ఉంది. కేంద్రం రక్షిత కట్టడం అయితే 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన రెండు వందల మీటర్లలో అనుమతి తప్పనిసరి. అందుకే రక్షిత కట్టడం పక్కన ఇల్లు కట్టుకున్నవాడు మరుగుదొడ్డికి కూడా ఢిల్లీ వైపు చూస్తుంటాడు. ఏ జాబితాలోనూ లేని వందలాది ఊరి గుళ్లకు మాత్రం కమిటీయే పురావస్తు శాఖ, కాంట్రాక్టరే స్థపతి. మన నేల మీద ఎక్కువ గుళ్లు ఆ బాపతువే.

మా ఊహాగ్రామంలో ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. శిలాఫలకం మీద ఇరవై ఆరు పేర్లు. స్థలం చాలక అర్చకస్వామి పేరు వేయలేదు, ఆయనా అడగలేదు. మంత్రిగారు ప్రసంగిస్తుండగా జల్లు పడింది. నంది మీద టపటపా చుక్కలు. "శుభసూచకం, స్వామివారు ఆనందబాష్పాలు రాలుస్తున్నారు," అన్నారు చైర్మన్ గారు. చప్పట్లు మోగాయి. విమానం మీద రావిచెట్టుకు రంగులు వేసేవాళ్లు బకెట్టు తగిలించుకోవడానికి ఒక కొమ్మ వదిలేసి మిగతావి కొట్టారు. వేరు అలాగే ఉంది. ఈ వానకు కొత్త చిగురు వేస్తుంది.

దాతలకు నాదొక విన్నపం. ఈసారి మీ ఊరి గుడికి ఏమైనా ఇద్దామనిపిస్తే గ్రానైటుకూ, ఆర్చికీ, స్టీలు గేటుకూ ఇవ్వకండి. ఏటా తొలకరికి ముందు ఒక మనిషి కప్పెక్కి మొక్కలు పీకి, తూములు పూడిక తీసి, పగిలిన గచ్చుకు సున్నం పూసి దిగేందుకు ఇవ్వండి. ఆ మనిషికి కూలి, ఒక నిచ్చెన, కాస్త సున్నం. వడ్డీ మీదే నడిచిపోయేంత చిన్న మొత్తం బ్యాంకులో గుడి పేర వేసి, దేనికి వాడాలో కాగితం మీద రాయించండి. రసీదు అడిగి తీసుకోండి. మరుసటి వానాకాలం వెళ్లి నంది వీపు తడిమి చూడండి.